జియోటెక్నికల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ విద్య: బెలుం–నంద్యాల నేల ఆధారంగా ఒక సమీక్ష

నిర్వచనం, పరిధి

మట్టి, రాయి, వాటి సందుల్లోని నీరు కట్టడం బరువుకు ఎలా లొంగుతాయో, ఎంతవరకు ఓర్చుకుంటాయో లెక్కగట్టి, ఆ లెక్క మీద పునాదులు, ఆనకట్టలు, సొరంగాలు, రహదారి గట్లు, రిటైనింగ్ గోడలు రూపొందించే సివిల్ ఇంజనీరింగ్ శాఖ జియోటెక్నికల్ ఇంజనీరింగ్. తెలుగులో దీన్ని భూసాంకేతిక శాస్త్రం అంటారు. బి.టెక్. పూర్తయిన తరువాత ఈ శాఖలో, ముఖ్యంగా వృత్తిలో పనిచేసే నిపుణులను తయారుచేయడానికి నడిపే ఉన్నత విద్య వృత్తి మాస్టర్స్. మన దేశంలో అది రెండేళ్ల ఎం.టెక్. లేదా ఎం.ఇ. రూపంలో ఉంటుంది. బ్రిటన్‌లో సాధారణంగా ఏడాది ఎం.ఎస్‌సి.గా, అమెరికాలో థీసిస్ అక్కరలేని మాస్టర్ ఆఫ్ ఇంజనీరింగ్‌గా ఉంటుంది.

సివిల్ ఇంజనీరింగ్‌లోని ఇతర పట్టాల నుంచి ఈ చదువును వేరుచేసేది దాని ముడిసరుకు. సిమెంటు, ఉక్కు ఒక ప్రమాణానికి లోబడి ఫ్యాక్టరీలో తయారవుతాయి. నేల మాత్రం కోట్ల సంవత్సరాల భూచరిత్ర మిగిల్చిన రూపంలోనే దొరుకుతుంది. దానిలో అతి చిన్న భాగాన్ని మాత్రమే చూసి మిగతాదంతా ఊహించాలి. ఆ ఊహకు హద్దులు గీయడమే ఈ విద్య ప్రధాన లక్ష్యమనీ, దాన్ని ఆ కొలతతోనే అంచనా వేయాలనీ ఈ వ్యాసం వాదం. అందుకు ఆధారంగా నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను, వాటి చుట్టూ ఆళ్లగడ్డ వరకు పరచుకున్న నేలలను తీసుకుంటుంది. (చూ. కార్స్ట్ భూమి, నల్లరేగడి)

చరిత్ర

పునాదుల అనుభవం పాతదే అయినా, దానికి శాస్త్రరూపం ఇరవయ్యో శతాబ్దంలోనే వచ్చింది. కార్ల్ టెర్జాగీ 1925లో ప్రచురించిన గ్రంథంతో సాయిల్ మెకానిక్స్ ప్రత్యేక శాస్త్రంగా నిలదొక్కుకుంది. మట్టి బలం మొత్తం బరువు మీద కాక, నీటి పీడనం తీసివేయగా మట్టి రేణువుల మధ్య మిగిలే ఒత్తిడి మీద ఆధారపడుతుందన్న ఆయన ప్రతిపాదన నేటికీ పాఠ్యక్రమానికి పునాది. ఈ శాస్త్రానికి మొదటి అంతర్జాతీయ సదస్సు 1936లో హార్వర్డ్‌లో జరిగింది. నేడు ఇండియన్ జియోటెక్నికల్ సొసైటీగా పనిచేస్తున్న సంస్థ మన దేశంలో 1948లో ఏర్పడింది. 1969లో రాల్ఫ్ పెక్ పరిశీలన పద్ధతిని క్రమబద్ధంగా వివరించాడు. పని జరుగుతుండగా నేల చూపే లక్షణాలను కొలుస్తూ, ముందే సిద్ధం చేసుకున్న ప్రత్యామ్నాయాలతో డిజైన్ మార్చుకోవడం ఆ పద్ధతి సారం.

తెలుగు నేల మీద ఈ విద్య విస్తరణ ఇంజనీరింగ్ కళాశాలల విస్తరణతోపాటు సాగింది. 1959లో స్థాపితమై 2002లో ఎన్‌ఐటీగా మారిన వరంగల్ సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం, హైదరాబాద్, కాకినాడ జేఎన్‌టీయూలు, ఆంధ్ర విశ్వవిద్యాలయం ఈ శాఖలో ఉన్నత విద్యకు కేంద్రాలయ్యాయి. తరువాత 2008లో ఐఐటీ హైదరాబాద్, 2015లో ఐఐటీ తిరుపతి వచ్చాయి. ప్రకాశం జిల్లాలో పుట్టి, కాకినాడలో బి.టెక్., వరంగల్‌లో ఎం.టెక్., మద్రాసు ఐఐటీలో పీహెచ్‌డీ చేసిన జి. మాధవీలత బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యురాలిగా జమ్మూకశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెనకు జియోటెక్నికల్ సలహాదారుగా ఏళ్ల తరబడి పనిచేశారు. నదీగర్భం నుంచి 359 మీటర్ల ఎత్తున్న ఆ వంతెన 2025 జూన్ 6న ప్రారంభమైంది. తవ్వేకొద్దీ బయటపడ్డ రాతి పగుళ్లను బట్టి డిజైన్ మార్చుకుంటూ పోవడం ఆ పని పద్ధతి. పెక్ చెప్పిన సూత్రం హిమాలయ రాతి మీద అలా ఆచరణకు వచ్చింది.

బెలుం–నంద్యాల భూస్వరూపం

బెలుం గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్నాయి. 2022లో జిల్లాల విభజన జరిగేదాకా ఇది కర్నూలు జిల్లా భాగం. బెలుం అన్న పేరు బిలం అన్న మాట నుంచి వచ్చింది. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను నమోదు చేశాడు. దాదాపు వందేళ్లకు, 1980ల తొలి సంవత్సరాల్లో, డేనియల్ గెబౌవర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని వివరంగా సర్వే చేసింది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో దాదాపు 1.5 కిలోమీటర్ల భాగం 2002 నుంచి సందర్శకులకు అందుబాటులో ఉంది. పాతాళగంగ అనే అడుగు భాగం ప్రవేశం నుంచి 46 మీటర్ల లోతున ఉంటుంది. కోటిలింగాలు, సప్తస్వరాల గుహ, వేయిపడగలు వంటి పేర్లు సందర్శకులకు పరిచితమే. ఇంజనీరుకు ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఇక్కడ కొండ లేదు. చదునైన సాగుభూమిలో బావుల్లాంటి గోతులే గుహలకు ద్వారాలు. ఆ గోతులు లేకుంటే, కింద మూడు కిలోమీటర్లకు పైగా ఖాళీ ఉందని పైన నడిచేవారికి తెలిసే మార్గం లేదు.

ఈ ఖాళీ ఏర్పడిన తీరు సున్నపురాయి స్వభావంలో ఉంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్ల వెంట దిగుతూ కాల్షియం కార్బొనేట్‌ను కరిగిస్తుంది. పగులు కాలువ అవుతుంది, కాలువ గుహ అవుతుంది. అందువల్ల సున్నపురాతిలో ఖాళీలు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. అవి పగుళ్ల దిశను, పొరల మధ్య సందులను అనుసరిస్తాయి. ఈ నియమబద్ధతే పరిశోధనకు ఆసరా అని పాఠ్యక్రమం విభాగంలో తెలుస్తుంది.

బెలుం గుహలున్న నల్లని సున్నపురాయి కర్నూలు శిలా సముదాయంలోని నార్జి పొరకు చెందినది. విలియం కింగ్ 1872లోనే ఈ ప్రాంత శిలలను వివరించాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న వరుసలో కింది నుంచి పైకి బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, ఔకు షేల్, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల షేల్ ఉంటాయి. ఆరు పొరలకు ఆరు ఊళ్ల పేర్లు. వాటిలో రెండు నీటికి కరిగేవి, రెండు తడికి మెత్తబడే షేల్‌లు, రెండు గట్టి క్వార్ట్‌జైట్‌లు. కొన్ని పదుల కిలోమీటర్లలో పునాది కింది రాయి స్వభావం పూర్తిగా మారిపోతుంది. ఇళ్లకు పరిచే నాపరాళ్లు, ఈ ప్రాంతపు సిమెంటు కర్మాగారాలు నిలిచింది ఈ సున్నపురాతి మీదనే. నంద్యాల, ఆళ్లగడ్డల వైపు కుందూ నది లోయలో ఈ రాళ్ల పైన నల్లరేగడి పరుచుకుంది. దానిలోని మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకఖనిజం వానాకాలంలో నీరు పీల్చి ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోయి నెర్రెలు విడుస్తుంది.

కోర్సు రకాలు, ప్రవేశం

ఈ విద్యలో మూడు రకాలు ప్రధానం. మొదటిది మట్టి, పునాదుల మీద దృష్టి పెట్టే కోర్సు. కొన్ని విశ్వవిద్యాలయాల్లో దీనికి సాయిల్ మెకానిక్స్ అండ్ ఫౌండేషన్ ఇంజనీరింగ్ అన్న పాత పేరే కొనసాగుతోంది. రెండోది రాతి యాంత్రికం, సొరంగాల వైపు మొగ్గేది. మూడోది భూకంప జియోటెక్నిక్స్, పర్యావరణ జియోటెక్నిక్స్ వంటి ప్రత్యేక విభాగాలు. థీసిస్ ఉన్న పట్టా, లేని పట్టా అన్న తేడా వీటన్నిటినీ అడ్డంగా చీలుస్తుంది. భారతీయ ఎం.టెక్.లో సాధారణంగా మొదటి రెండు సెమిస్టర్లు పాఠాలకు, చివరి రెండు సెమిస్టర్లు ప్రాజెక్టుకు కేటాయిస్తారు. కాబట్టి అది పేరుకు వృత్తి పట్టా అయినా, నిర్మాణంలో సగం పరిశోధన పట్టా.

ప్రవేశానికి ముఖ్య ద్వారం గేట్ పరీక్ష. మూడు గంటల్లో వంద మార్కులకు జరిగే ఆ పరీక్ష స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఎన్‌ఐటీల సీట్లను సీసీఎంటీ కౌన్సెలింగ్ ద్వారా, ఐఐటీల సీట్లను సీఓఏపీ ద్వారా భర్తీ చేస్తారు. గేట్ లేనివారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో పీజీఈసెట్ మార్గం ఉంది. గేట్ ద్వారా చేరిన అర్హులకు నెలకు రూ. 12,400 ఉపకార వేతనం లభిస్తుంది. ఉద్యోగంలో ఉన్నవారిని సంస్థలే పంపే స్పాన్సర్డ్ సీట్లు కొన్ని ఉన్నా, అత్యధికులు బి.టెక్. ముగిసిన వెంటనే, పని అనుభవం లేకుండా చేరుతున్నారు. తరువాత చెప్పబోయే విమర్శల్లో ఒకదానికి ఇదే మూలం. (చూ. గేట్ పరీక్ష, సాంకేతిక ఉన్నత విద్య)

పాఠ్యక్రమం, పని తీరు

బి.టెక్.లో ఈ శాఖకు సాధారణంగా రెండు పేపర్లు, ఒక ప్రయోగశాల, ఇంజనీరింగ్ జియాలజీలో ఒక పేపరు దక్కుతాయి. అక్కడ లెక్కల కోసం మట్టిని ఒకే తీరుగా పరుచుకున్న పదార్థంగా తీసుకుంటారు. మాస్టర్స్‌లో అడ్వాన్స్‌డ్ సాయిల్ మెకానిక్స్, అడ్వాన్స్‌డ్ ఫౌండేషన్ ఇంజనీరింగ్, సాయిల్ డైనమిక్స్, భూగర్భ పరిశోధన–పరికరాల అమరిక ప్రధాన పాఠాలు. రాతి యాంత్రికం, నేల మెరుగుదల, జియోసింథటిక్స్, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఐచ్ఛికాలు. ప్రయోగశాలలో ట్రయాక్సియల్, కన్సాలిడేషన్ పరీక్షలు, క్షేత్రంలో ఎస్‌పీటీ, ప్లేట్ లోడ్ పరీక్షలు నేర్పుతారు. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టే దెబ్బలను లెక్కించే ఎస్‌పీటీ మన దేశంలో ఇప్పటికీ ఎక్కువగా వాడే పరీక్ష. రాతి నాణ్యతను అంచనా వేయడానికి ఆర్‌క్యూడీ, ఆర్‌ఎంఆర్, క్యూ సూచికలు ఉన్నాయి.

పరీక్షలు చేయడం డిప్లొమా చదివినవారికీ వస్తుంది. మాస్టర్స్ అదనంగా ఇవ్వవలసినది ఏమిటో ఒక చిన్న లెక్క చూపుతుంది. బెలుం వంటి సున్నపురాతి నేల మీద హెక్టారు స్థలంలో ఒక కర్మాగారం కట్టాలనుకుందాం. 20 మీటర్లకు ఒకటి చొప్పున, 75 మిల్లీమీటర్ల వ్యాసంతో 25 బోర్లు వేశారనుకుందాం. ఆ బోర్లన్నీ కలిపి చూసిన నేల వైశాల్యం 0.11 చదరపు మీటరు, అంటే మొత్తంలో దాదాపు తొంభై వేలవ వంతు. స్థలం కింద మూడు మీటర్ల వెడల్పు సొరంగం ఒకటి బోర్ల వరుసలకు సమాంతరంగా సాగిందనుకుంటే, అది ఏదో ఒక వరుస కిందికి వచ్చే అవకాశం ఇరవైలో మూడు, అంటే 15 శాతం. మిగిలిన 85 శాతం సందర్భాల్లో ఇరవై అయిదు బోర్లూ గట్టి రాయినే చూపుతాయి, నివేదిక భద్రమనే చెబుతుంది. ప్రతి పరీక్షా ప్రమాణం ప్రకారం జరిగినా, నిర్ధారణ తప్పే.

పరిష్కారం బోర్ల సంఖ్యను గుడ్డిగా పెంచడంలో లేదు. ఖాళీలు పగుళ్ల దిశను అనుసరిస్తాయి కాబట్టి, ముందు ఆ దిశను దగ్గరి క్వారీ గోడల మీదో, బయటపడ్డ రాతి మీదో కొలిచి, బోర్ల వరుసలను దానికి అడ్డంగా వేస్తే అదే ఖర్చుతో చిక్కే అవకాశం బాగా పెరుగుతుంది. బోర్ల మధ్య ఖాళీని విద్యుత్ నిరోధకత సర్వే పూరిస్తుంది. దానికీ ఒక మెలిక ఉంది. గాలి నిండిన గుహ అధిక నిరోధకతను, తడి బంకమట్టి నిండిన గుహ అల్ప నిరోధకతను చూపుతాయి. ఒకే రకం ఖాళీకి రెండు విరుద్ధ సంకేతాలు. భూమిలోకి రాడార్ తరంగాలు పంపే పద్ధతి ఇసుక నేలల్లో బాగా పనిచేసినా, నల్లరేగడి కింద ఆ తరంగాలు త్వరగా క్షీణిస్తాయి. ఏ పద్ధతి ఏ నేలలో మోసపోతుందో తెలిసినవారే రెండింటిని జతచేసి నమ్మదగిన చిత్రం గీయగలరు. భూగర్భ శాస్త్రం, యాంత్రిక శాస్త్రం, సంభావ్యత గణితం ఈ నిర్ణయంలో విడదీయరానివి. బి.టెక్. వాటిని మూడు పేపర్లుగా నేర్పుతుంది. మాస్టర్స్ వాటిని ఒక్క నిర్ణయంగా నేర్పాలి.

నల్లరేగడి ఇదే పాఠాన్ని మరో వైపు నుంచి చెబుతుంది. ఇక్కడ బరువైన భవనం కన్నా తేలికైన ఇల్లు, ప్రహరీ గోడ, కాలువ లైనింగ్ ఎక్కువగా దెబ్బతింటాయి. ఉబ్బే మట్టిని అణచేంత బరువు వాటికి ఉండదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన, అడుగు వెడల్పుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్, ఆర్.కె. కట్టి ప్రతిపాదించిన ఉబ్బని బంకమట్టి పొర, సున్నంతో స్థిరీకరణ ఇందుకు తెలిసిన మార్గాలు. పైల్ పని చేయాలంటే రుతువుల ప్రకారం తడి మారే పొరను దాటి స్థిరమైన పొరలో నిలవాలి. కుందూ లోయలో ఆ కింది పొర షేల్ కావచ్చు, సున్నపురాయి కావచ్చు. పై సమస్యకు కనుగొన్న పరిష్కారం కింది రాయి గట్టిదన్న నమ్మకం మీద ఆధారపడుతుంది. ఆ నమ్మకాన్ని విడిగా పరీక్షించాలి. (చూ. పైల్ పునాదులు, నేల మెరుగుదల)

ప్రాముఖ్యం

ఇవి పుస్తక సమస్యలు కావని ఈ చుట్టుపక్కల ఘటనలే చెబుతాయి. 2015 చివర్లో భారీ వర్షాల తరువాత కడప జిల్లా చింతకొమ్మదిన్నె మండలంలోని నాయనోరిపల్లె పరిసరాల్లో నేల ఒక్కసారిగా గోతులుగా కుంగింది. దీర్ఘకాలం కరవుతో దిగిపోయిన భూగర్భ జలం వానలకు ఒక్కసారి పెరిగినప్పుడు సున్నపురాతి ఖాళీల మీది మట్టి కిందికి జారడం ఇలాంటి కుంగుబాట్లకు తెలిసిన కారణం. గాలేరు–నగరి పథకంలో ఔకు సొరంగాలు బలహీన రాతి మండలం అడ్డుపడి ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి. రెండో సొరంగం 2023 నవంబరు 30న ప్రారంభమైంది. రెండు ఘటనల్లోనూ ఇబ్బంది పెట్టింది కాంక్రీటు కాదు, నేల గురించి ముందుగా తెలియని సంగతి.

తెలుగు ప్రాంతం మొత్తం చూస్తే ఈ అవసరం మరింత స్పష్టమవుతుంది. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజ్‌లో ఏడో బ్లాకు పియర్లు కుంగాయి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ కమిటీ ప్రణాళిక, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ లోపాల కలయికను కారణంగా పేర్కొంది. నదీ ఇసుక మీద నిలిచే కట్టడాల్లో ఇవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడతాయో చెప్పే ఉదాహరణ అది. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో నీరు, బురద చొచ్చుకువచ్చి ఎనిమిది మంది చిక్కుకుపోయారు. నేల గురించిన అజ్ఞానానికి మూల్యం డబ్బుతోనే ముగియదని ఆ ఘటన చెబుతుంది.

విమర్శలు, సమాధానాలు

ఈ చదువు మీద వచ్చే మొదటి ఆక్షేపణ అనుభవం చాలునన్నది. ఒక ప్రాంతంలో ముప్పై ఏళ్లు పునాదులు వేసినవారికి అక్కడి నేల బాగా తెలుసన్నది నిజం, ఆ జ్ఞానం విలువైనది. కానీ అనుభవం చూసినదాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. బెలుం పొలాల్లో వంద ఇళ్లు నిలిచాయన్న అనుభవం, నూట ఒకటో స్థలం కింద సొరంగం లేదనడానికి రుజువు కాదు. పై లెక్కలోని ఇరవై అయిదు బోర్లకూ ఆ అనుభవానికీ ఒకే లోపం. రెండూ చూడని భాగాన్ని చూసిన భాగంతో సమానంగా భావిస్తాయి. అయితే ఈ ఆక్షేపణలో ఒక సత్యం మిగులుతుంది. క్షేత్రం చూడని మాస్టర్స్ విద్యార్థి, సిద్ధాంతం తెలియని మేస్త్రీ ఇద్దరూ అసంపూర్ణులే.

రెండో ఆక్షేపణ భారతీయ ప్రమాణాలు, సాఫ్ట్‌వేర్ ఉన్నాయి కదా అన్నది. ప్రమాణం కనీస హద్దు చెబుతుంది. బోర్ల ఎడం, లోతు స్థలాన్ని బట్టి ఇంజనీరు నిర్ణయించుకోవాలనే భావం వాటిలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పొరలనే విశ్లేషిస్తుంది, ఇవ్వని ఖాళీని కనిపెట్టదు. మూడో ఆక్షేపణ ప్రకారం గుహలు అరుదు, వాటి ఆధారంగా పాఠ్యక్రమం కట్టడం అతి. కానీ గుహ ఇక్కడ ఒక స్పష్టమైన ఉదాహరణ మాత్రమే. హైదరాబాదు గ్రానైట్‌లో ఎస్‌పీటీ గొట్టం ముందుకు దిగకపోతే కింద పునాదిరాయి తగిలిందా, మట్టిలో చిక్కుకున్న బండరాయి తగిలిందా అన్న ప్రశ్న ఇదే. డెల్టా నేలల్లో రెండు బోర్ల మధ్య మెత్తటి బంక పొర ఉందా అన్న ప్రశ్నా ఇదే. బెలుంలో ఖాళీ కంటికి కనిపిస్తుంది, మిగతా చోట్ల కనిపించదు.

నాలుగో ఆక్షేపణ ఆర్థికమైనది, అన్నిటికన్నా బలమైనది. మన దేశంలో ఇంజనీర్లందరికీ వర్తించే చట్టబద్ధ లైసెన్సు వ్యవస్థ లేదు. అందువల్ల నివేదిక మీద సంతకానికి మాస్టర్స్ తప్పనిసరి కాదు, జీతం ఖాయంగా పెరుగుతుందనీ లేదు. రెండేళ్ల సంపాదన వదులుకునే విద్యార్థికి ఉపకార వేతనం ఆ లోటును పూడ్చదు. సాయిల్ రిపోర్టును తక్కువ ధరకు కొనే కాగితంగా చూసే యజమాని ఉన్నంతకాలం మార్కెట్ ఈ నైపుణ్యానికి విలువ కట్టదు. ఈ వాదనను కాదనలేం. అయితే అది చదువు అనవసరమని నిరూపించదు. చదువు వల్ల కలిగే లాభం సమాజానికి దక్కుతూ, ఖర్చు విద్యార్థి మీద పడుతోందని చూపుతుంది. పెద్ద ప్రభుత్వ పనుల్లో నేల పరిశోధనకు అర్హతలను, వేరు బడ్జెట్‌ను నిర్దేశించడం దానికి నేరుగా సమాధానం.

కోర్సు ఎంచుకునే విద్యార్థికీ, నడిపే సంస్థకూ ఈ పరిశీలన నుంచి ఒక కొలత లభిస్తుంది. సీట్ల సంఖ్య, ప్రచురణల సంఖ్య కన్నా ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. విద్యార్థి రెండేళ్లలో ఎన్ని బోర్ల కోర్‌లను స్వయంగా నమోదు చేస్తాడు? బోర్లు ఎక్కడ వేయాలో నిర్ణయించే బాధ్యత ఎన్నిసార్లు అతని మీద పడుతుంది? తన అంచనా తప్పని తేలిన ఒక్క స్థలాన్నైనా చూశాడా? రాయలసీమ కళాశాలలకు ఈ మూడో ప్రశ్నకు కావలసిన స్థలం దూరంలో లేదు. బెలుంలో పైన నిలబడి బోర్ల పటం గీయించి, తరువాత కిందికి దిగి ఆ పటంలో ఎన్ని బోర్లు గుహకు తగిలేవో, ఎన్ని తప్పేవో లెక్కించమంటే, ఒక్క రోజులో ఈ శాస్త్రం హద్దులు తెలిసిపోతాయి. కొలిచిన పటం ఉన్న గుహ కాబట్టి, సమాధానాన్ని సరిచూసుకునే వీలున్న అరుదైన ప్రశ్నపత్రం అది.